లాభం, రెండు, మూడు

ఆరు కిలోల పెట్టె.
కూరల సంచీలా ఎడంచేత్తో మోస్తాను.
స్టాకు రిజిస్టర్లో పోర్టబుల్ వెంటిలేటర్, నంబరు రెండు.
నంబరు ఒకటి పోయిన వానాకాలం నుంచీ రిపేర్లో ఉంది.

బాజీ మోసింది వేరే లెక్క.
గుంటూరు మిర్చి యార్డులో ముప్పై ఏళ్లు
టిక్కీ ఒక్కింటికి నలభై ఐదు కిలోలు,
కొక్కెం గుచ్చి వీపు మీదికి ఎగరేసి
ఎర్రటి ఘాటు పీల్చి పీల్చి
ఇవాళ తన ఊపిరి తనే ఎత్తలేక
స్ట్రెచర్ మీద.
ఆ బరువు నా పెట్టె ఎత్తుకుంది
నిమిషానికి పధ్నాలుగు సార్లు, కూలి అడక్కుండా.

సూర్యారావుపేటలో మంచం దొరికిందన్నారు.
రాత్రి రెండుంబావుకు బయల్దేరాం.
ముందు డ్రైవరు అంకమ్మరావు.
వెనక నేను, బాజీ, వాళ్లావిడ మాబున్ని.
బ్యాటరీ తొంభై ఆరు చూపించింది.
నమ్మాను.

పాత బ్యాటరీ మాట
బాకీ ఉన్నవాడి మాట.
కాజ టోల్‌గేట్ దగ్గర డెబ్భై.
మంగళగిరి కొండ చీకట్లో కనిపించీ కనిపించనట్టు
వెనక్కి పోయేసరికి నలభై ఒకటి.
ప్లగ్గు పెట్టాను. బండి సాకెట్లో కరెంటు లేదు.
"నిన్నటిదాకా ఉందమ్మా" అన్నాడు అంకమ్మరావు
అద్దంలో నా మొహం తప్పించుకుంటూ.

వారధి మీద లారీ అడ్డం తిరిగి ఉంది.
కింద కృష్ణ, ఇసుక తిన్నెల మధ్య సన్నటి మెరుపు.
పెట్టె ఎర్ర దీపం వేసి
తోక తొక్కిన పిల్లిలా కీచుమంది.
తర్వాత ఊరుకుంది.
అరిచినంతసేపూ భయం లేదు నాకు.
ఊరుకున్నాకే.

గొట్టం విప్పి ఆంబూ సంచీ తగిలించాను.
నొక్కితే ఛాతీ లేచింది, వదిలితే దిగింది.
సిలిండర్ మార్చాలి, నాడి చూడాలి,
అవతల ఆసుపత్రికి ఫోన్ చెయ్యాలి.
"అమ్మా, ఇది పట్టుకో.
నొక్కు. వదులు. ఛాతీ దిగాక మళ్లీ నొక్కు."

మిరపకాయల తొడిమలు తీసే చేతులవి.
గోళ్ల కింద ఎప్పటికీ చల్లారని మంట.
కన్నీళ్లు కూడా మోచేత్తోనే తుడుచుకుంటుంది,
అలవాటు.
నొక్కింది.
"లాభం" అంది.

ఒకటి అనలేదు.
కొలతలో ఎవరంటారు ఒకటని?
లాభం. రెండు. మూడు.
అంకెకో ఊపిరి.
నేనూ గొంతు కలిపాను. ఆరు తర్వాత
నా నోట్లో తయారైన మాటను
ఆమె చూపుతోనే ఆపేసి
"ఆరున్నొకటి" అంది.
ఏడు అన్న మాట
ఆ బండి ఎక్కనే లేదు.

ఇరవై కాగానే మళ్లీ లాభం.
అలా ఎన్ని ఇరవైలో నేను రాసుకోలేదు.
లారీ ఎప్పుడు కదిలిందో తెలీదు.
బందరు రోడ్డు ఊడ్చేవాళ్లు
చీపుళ్లతో సహా పక్కకు జరగడం గుర్తుంది.

ఆసుపత్రి లోపల నీలం మిషను,
చక్రాలది, గోడ కరెంటుది, సిద్ధంగా ఉంది.
సిస్టరు చెయ్యి చాచింది.
మాబున్ని ఇవ్వలేదు.
"పదహారే అయింది" అంది.
పదిహేడు. పద్దెనిమిది. పందొమ్మిది.
అందరం నిలబడ్డాం, డాక్టరుతో సహా.
ఇరవై అయ్యాక ఇచ్చింది,
తూకం తెగిన బస్తాను దింపినట్టు
మెల్లగా.

తెల్లారి గుంటూరు వచ్చి రిజిస్టర్లో రాశాను:
నంబరు రెండు, బ్యాటరీ నిలవడం లేదు, మార్చాలి.
పై పేజీలో అదే వాక్యం ఉంది, నా రాతే.
దాని పై పేజీలో కూడా.
బాజీ కబురు ఇంకా రాలేదు.

ఆంబూ సంచీ కడుగుతుంటే
నా వేళ్లు మండాయి.
కుళాయి కట్టి
మోచేత్తో కళ్లు తుడుచుకున్నాను.